వియన్నా నల్లా దగ్గర మా టీచరమ్మ

ట్రావెల్స్ ఉద్యోగమంటే మీరేమనుకుంటున్నారో నాకు తెలుసు. విమానాలెక్కి తిరగడం, పైగా దానికి జీతం. నేనూ అదే అనుకొని చేరాను. నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్లో మేడ మీద చిన్న ఆఫీసు మాది. టికెట్ల కౌంటర్లో మొదలుపెట్టాను. తెలంగాణ వచ్చాక మన జిల్లా నుంచి కూడా జనం విదేశాలు చూడ్డానికి బయల్దేరడం ఎక్కువైంది. అప్పుడు నన్ను టూరు లీడర్ని చేశారు. టూరు లీడరంటే గొడుగు పైకెత్తి ముందు నడిచే మనిషి. వెనక వచ్చేవాళ్ల బాత్రూము తిప్పలు, మోకాళ్ల నొప్పులు, సూట్‌కేసులో పగిలిన పచ్చడి సీసాలు, అలిగిన మొగుళ్లు, అన్నీ ఆ గొడుగు కిందివే.

ఈ పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికొచ్చి, ఏదైనా ఒక మంచి టూరు గురించి చెప్పమంటారు. అన్నిటికంటే ఎక్కువగా నన్ను ఏడిపించిన టూరు గురించి చెబుతాను, వినండి.

మేము మొదట్లో అమ్మింది ఒకటే టూరు. పది రోజుల్లో ఏడు దేశాలు. పొద్దున బస్సెక్కడం, ఆపిన చోటల్లా దిగి ఫొటో దిగడం, మళ్లీ ఎక్కడం. నిన్న చూసింది ఏ దేశమో ఇవాళ గుర్తుండేది కాదు. ఒకసారి టూరు చివర బస్సు డ్రైవరు, అక్కడివాడే, సీట్ల కింది నుంచి ఖాళీ నీళ్ల సీసాలు ఏరుకొచ్చి నా కాళ్ల దగ్గర కుప్ప పోశాడు. తిట్టినా బాగుండేది. నాకు తల కొట్టేసినట్టయింది. మా జిల్లా జనం వచ్చిపోయిన గుర్తు ఈ చెత్తేనా అని దారంతా అదే ఆలోచన.

తిరిగొచ్చిన మర్నాడే ఓనరు ముందు కూర్చున్నాను. బస్సు లేని టూరు పెడదామన్నాను. ఒక్కటే ఊరు, వారం రోజులు. ట్రాములు, నడక, ఓపికున్నవాళ్లకు సైకిళ్లు. రోజూ తువ్వాళ్లు మార్చని చిన్న హోటలు. సంతలో రొట్టె, పండ్లు కొనుక్కొని పార్కులో తినడం. నీళ్ల సీసా కొనే పనే లేదు, ఎవరి స్టీలు సీసా వాళ్లు తెచ్చుకొని ఊళ్లో నల్లాల దగ్గర నింపుకోవడమే.

ఓనరు నవ్వాడు. "ఏంది మేడం, విమానమెక్కి పోయి నడుస్తరా ఎవరన్న? నడిచేటిదుంటే గీడ ఉదయసముద్రం చెరువు కట్ట మీద నడుస్తరు గద."

"నడుస్తరు సార్. నేను నడిపిస్త."

"నడవకపోతే?"

"మల్ల టికెట్ల కౌంటర్ల కూసుంట."

నోరు జారాను. ఆయన ఆ మాటే పట్టుకున్నాడు. "గట్లనే కానియ్. గీ ఒక్క టూరు మంచిగైతే ఏడాదంత నడుపుదం. ఏదన్న లొల్లి అయిందనుకో, మీరు కౌంటర్ల, నేను మల్ల ఏడు దేశాల మీద."

నన్ను ఆఫీసులో వెనకాల మొండిఘటం అనేవాళ్లు. అబద్ధమేం కాదు. ఊరు వియన్నా అని ఖాయం చేశాను. అక్కడ ట్రాము పోని సందు లేదు. ఇక నీళ్లంటారా, దూరాన కొండల్లో పుట్టిన ఊట నీళ్లు మోటారు అక్కర్లేకుండా పల్లానికి పైపుల్లో ఊళ్లోకి వస్తాయి. వీధుల్లో, పార్కుల్లో నల్లాలు. సీసా మూత విప్పి పట్టుకుంటే చాలు.

పన్నెండు మంది పోగయ్యారు. వాళ్లలో మీరు తెలుసుకోవలసింది ఇద్దర్ని. ఒకరు నల్లగొండలో బట్టల దుకాణం నడిపే భాయ్. భార్యతో వచ్చాడు. మనిషి నవ్వుల పుట్ట. రెండోది మా దేవరకొండ వైపు ఒక పల్లెలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన టీచరమ్మ. ఆమె మెడ తిరగదు. పక్కకు చూడాలంటే మనిషంతా తిరగాలి. నడుము వంగదు, మోకాళ్లు సగమే మడుస్తాయి. చిన్నప్పటి నుంచి తాగిన బోరింగు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి అట్లా బిగిసిపోయింది. మా వైపువాళ్లకు ఇది విడమరిచి చెప్పే పని లేదు, ప్రతి వాడలో ఇలాంటివాళ్లు ఉన్నారు.

ఆమె మా ఆఫీసు మెట్లు ఒక్కొక్కటే ఎక్కి వచ్చి, కుర్చీలో కూర్చోకుండా నిలబడే అడిగింది. "నలభై ఏండ్లు డాన్యూబ్ నది, డాన్యూబ్ నది అని బోర్డు మీద రాసిన. ఒక్కపారి కండ్లతోటి చూడాలె. నడిచే టూరంటివి గద, నన్ను తోలుకపోతవా, ఇంటికాడ కూసోమంటవా?"

"మీరు నడిచినంతనే అందరం నడుస్తం టీచరమ్మా" అన్నాను. ఆ మాట మాత్రం ఆలోచించే అన్నాను.

వియన్నాలో మొదటి రోజులు చూసి నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ట్రాములో మావాళ్లు కిటికీల దగ్గర సీట్ల కోసం చిన్నపిల్లల్లా కొట్లాడుకున్నారు. టీచరమ్మ డాన్యూబ్ ఒడ్డున నిలబడి, మనిషి మొత్తం అటూ ఇటూ తిరిగి, ఎగువ దిగువ చూసి, "బోర్డు మీద గింత వెడల్పు రాయకపోతి" అన్నది. శనివారం పాత సామాన్ల సంతలో భాయ్ ఒక పాత అల్లిక బట్ట ముందు కూలబడ్డాడు. నేత గుణం పసిగట్టి, భాష రాకున్నా వేళ్లతోనే బేరమాడి, అమ్మే ముసలామెను నవ్వించి మరీ తెచ్చుకున్నాడు. అందరి చేతుల్లో స్టీలు సీసాలు తళతళా. నేను వాటిని వరసగా పెట్టి ఫొటో తీసి ఓనరుకు పంపాను. ఒక్క ప్లాస్టిక్ సీసా లేదు చూడండి అని కింద గొప్పగా రాశాను కూడా.

ఆ సాయంత్రమే హోటలు నడిపే ఆమె నన్ను పక్కకు పిలిచింది. చెత్త వేసే గది తలుపు తీసి చూపించింది. సంచుల నిండా ఖాళీ నీళ్ల సీసాలు. మీ గదుల్లోవే, రోజూ ఇంతే వస్తున్నాయి అన్నది.

నేరుగా భాయ్ గదికి వెళ్లి తలుపు కొట్టాను. ఆయన మంచం పక్కన కూర్చొని, కొన్న సీసాలోంచి స్టీలు సీసాలోకి నీళ్లు వంపుతున్నాడు. నన్ను చూసి చెయ్యి అక్కడే ఆగిపోయింది. నీళ్లు కార్పెట్ మీద పోయాయి.

"గిదేంది భాయ్?"

"చెల్లె, కోపం చెయ్యకు. రోజు పొద్దుగాల నువ్వు రాకముందే అందరం గిట్లనే నింపుకుంటున్నం. నువ్వు బాధపడతవని స్టీలు సీసాలల్ల పోస్తున్నం."

"నల్లా నీళ్లకేమైంది?"

ఆయన గొంతు తగ్గించాడు. "టీచరమ్మ తాగొద్దన్నది."

చూశారా, నేను బాధపడకుండా ఉండటానికి పన్నెండు మంది పెద్దమనుషులు పొద్దున్నే లేచి దొంగపని చేస్తున్నారు! నాకు నవ్వు రాలేదు. ఒళ్లు మండిపోయింది. ఆ కోపంతోనే టీచరమ్మ గదికి పోయాను. నా టూరు పాడు చేస్తున్నారని, చదువుకున్నవాళ్లై ఉండి ఇట్లా చేస్తారా అని, పెద్దా చిన్నా చూడకుండా అనేశాను. ఆమె మంచం మీద నిటారుగా కూర్చొని అంతా విన్నది.

"అయిందా?" అన్నది. "ఇగ నేనంటా. గా నీళ్లు ఎట్లున్నయి?"

"అద్దం లెక్క ఉన్నయి టీచరమ్మా. తాగి చూడండి, తియ్యగున్నయి."

"మా బోరింగు నీళ్లు గూడ అద్దం లెక్కనే ఉండేటియి బిడ్డా. తియ్యగనే ఉండేటియి. మంచి నీళ్లు పడ్డయని ఊరంత కొబ్బరికాయ కొట్టి తాగినం. గా నీళ్లే నన్ను గిట్ల చేసినయి. బడికి పోయినంక నేను చేసిన కొలువంత ఒక్కటే. బోరింగు కాడికి పోయిన పోరగాండ్లను గుంజుకొచ్చుడు, తాగొద్దు తాగొద్దని మొత్తుకునుడు. కొట్టిన గూడ. ఇప్పుడు వచ్చి రోడ్డు మీద నల్లా తాగుమంటే, నా నోటితోని ఎట్ల తాగుమంట?"

దేవరకొండదాన్ని, ఈ సంగతి నాకు తట్టనే లేదు. ఊట నీళ్లని, రోజూ పరీక్ష చేస్తారని ఏదో గొణిగాను. "మాకు గూడ గట్లనే చెప్పిన్రు" అన్నది. ఇక దేనికీ లొంగేలా లేదు. మొండితనంలో నాకు గురువు దొరికిందని బయటికొచ్చాను.

రాత్రి భోజనాల దగ్గర మాత్రం అందరికీ స్పష్టంగా చెప్పాను. రేపు ఆదివారం, ఈ దేశంలో దుకాణాలన్నీ మూస్తారు, నీళ్ల సంగతి మీరే చూసుకోండి అని. వాళ్లు నమ్మలేదు. నన్ను ఓడిపోయి బెదిరిస్తున్న మనిషిలా చూశారు. "గింత పెద్ద శహర్ల ఆదివారం దుకాన్లు బందా? ఆదివారమే గద గిరాకీ!" అని భాయ్ వ్యాపారస్తుడి లెక్కన తేల్చేశాడు. అందరూ ఊ కొట్టారు.

ఆదివారం ద్రాక్షతోటల కొండకు వెళ్లాలి. పైదాకా సిటీ బస్సు, అక్కడి నుంచి తోటల మధ్యగా కిందికి నడక, కింద ట్రాము. టీచరమ్మను హోటల్లో ఉండమని అడిగాను. "కూసోవడానికి నల్లగొండ చాలదా?" అని చేతికర్ర తీసుకొని బయల్దేరింది. దారిలో ప్రతి దుకాణం తలుపూ మూసి ఉంది. మావాళ్ల ముఖాల్లో రంగు మారడం బస్సులోనే కనబడింది. ఉన్న కొద్ది నీళ్లూ పైకి చేరేసరికే సగమయ్యాయి.

కొండ మీద ఎండ మనకు కొత్త కాదు. కాని ఆ రోజు గాలి లేదు. టీచరమ్మ అడుగు తర్వాత అడుగు అడ్డంగా వేసుకుంటూ దిగుతోంది. మాట ఇచ్చాను కనుక అందరం ఆమె వెనకే. సగం దారిలో భాయ్ భార్యకు కళ్లు తిరిగాయి. టీచరమ్మ తన సీసాలో మిగిలిన నీళ్లు మొత్తం ఆమెకు తాగించేసింది. తనకు చుక్క మిగల్లేదు.

ఇంకొంచెం దిగాక మలుపులో ఒక బెంచీ, దాని పక్కన నల్లా. మీట నొక్కితే నీళ్లు సన్నగా పైకి చిమ్ముతున్నాయి. అందరూ దాని చుట్టూ నిలబడ్డారు. ఒక్కరూ చెయ్యి పెట్టలేదు. టీచరమ్మ వైపు చూస్తున్నారు. ఆమె బెంచీకి ఆనుకుని నిలబడింది. పెదాలు తెల్లబారాయి, బరువంతా కర్ర మీదే మోపింది. అప్పుడు నాకు భయం పట్టుకుంది. ఈ మనిషి ఇక్కడ పడిపోతే? టూరు పోతే పోయింది, కౌంటరే నాకు గతి అనుకున్నా. దండం పెట్టాను.

"టీచరమ్మా, మీ కాళ్లు మొక్కుతా. ఒక్క గుక్క తాగండి. మీరు తాగకపోతే వీళ్లు తాగరు."

"గందుకే తాగుతలేను" అన్నది.

అంతలో కింది నుంచి ఒక ముసలి జంట ఎక్కి వచ్చారు, ఆ ఊరివాళ్లే. ఆయనకు ఎనభై ఏళ్లుంటాయేమో. పలకరింపుగా తలూపి, నల్లా మీదికి వంగి గటగటా తాగాడు. టీచరమ్మ కళ్లు ఆయన నడుము మీదే ఉన్నాయి. వంగినప్పుడు చూసింది, లేచినప్పుడు చూసింది.

"ఆయనది ఏ ఊరో అడుగు."

అడిగాను. పుట్టింది, పెరిగింది ఈ ఊళ్లోనే అన్నాడు.

"చిన్నప్పటి సంది గివే నీళ్లా?"

ఇవే అన్నాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు.

"పళ్లు చూపియ్యమను."

"టీచరమ్మా!"

"చూపియ్యమను. ఫ్లోరైడ్ ఉంటే పళ్లకు గార పడ్తది, చూడాలె."

తప్పదని అడిగాను. ఆయన నా వైపు, ఆమె వైపు చూసి, ఫక్కున నవ్వి, పైపళ్ల వరసను వేలితో కొట్టి చూపించాడు. కట్టుడు పళ్లు! మావాళ్లంతా అన్ని బాధలూ మరిచి గొల్లుమన్నారు. టీచరమ్మ మాత్రం నవ్వలేదు.

"పళ్లు పోనియ్. వంగి కాలి వేళ్లు ముట్టమను. గదుమ ఛాతికి ఆనియ్యమను. రెండు చేతులు తలెనుక పెట్టుమను."

మా ఊళ్లలో ఆ మూడు పనులూ అందరికీ తెలుసు. డాక్టర్లు వచ్చినప్పుడల్లా బళ్లో పిల్లల్ని వరసగా నిలబెట్టి చేయించేవి అవే. ఎముకలు బిగిసినవాళ్లు చేయలేరు. ఆ సంగతేమీ చెప్పకుండా, ఈమె మా టీచరు, మీరు కొంచెం కసరత్తు చేసి చూపించాలట అన్నాను. ఆ పెద్దమనిషికి సరదా పుట్టింది. మూలుగుతూనే వంగి బూట్ల కొసలు అందుకున్నాడు. గడ్డం ఛాతీకి ఆనించాడు. చేతులు తల వెనక కట్టాడు. ఆయన భార్య నేనేం తక్కువా అని అరచేతులు నేలకే ఆనించింది. భాయ్ చప్పట్లు కొట్టాడు. తర్వాత ఆ ముసలాయన టీచరమ్మ వైపు చెయ్యి చూపించి నవ్వాడు. ఇక మీ వంతు అని.

ఎవరికీ నవ్వు రాలేదు. టీచరమ్మ కర్ర బెంచీకి ఆనించింది. రెండు చేతులూ ముందుకు చాచింది. అవి మోకాళ్ల పైనే ఆగిపోయాయి. మెడ కదల్లేదు.

"గంతే" అన్నది. "నాకు రాదని చెప్పు ఆయనకు. నీళ్లు తాగి గిట్లయిందని చెప్పు."

చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు. మురికి నీళ్లా అని అడిగాడు. కాదు, శుభ్రమైన నీళ్లే అన్నాను. మళ్లీ చెప్పించుకున్నాడు. అర్థమయ్యాక ఆయన నల్లా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. ఆయన భార్య ఏమీ అడగకుండా మా టీచరమ్మ చేతిలోని సీసా తీసుకుంది. కడిగి పారబోసి, నిండుగా పట్టి, వెనక్కి వంచలేని ఆ మెడకు తగ్గట్టు మూతలో కొంచెం కొంచెం పోసి అందించింది.

టీచరమ్మ తాగింది. ఒక మూత, ఇంకో మూత. అప్పుడు మావాళ్లంతా నల్లా మీద పడ్డారు. ఆమె బెంచీ మీద మెల్లగా ఒరిగి కూర్చుంది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"నీళ్లిచ్చుడు గింత సులువా బిడ్డా?" అన్నది. "కొండల నుంచి తెచ్చి, తొవ్వ పొంటి పెట్టి, ఎవరన్న తాగున్రి అని ఇడిసిపెట్టుడు, గింత సులువా? మరి మాకు గన్ని ఏండ్లు ఎందుకియ్యలే?"

పక్కన కూర్చొని నేనూ ఏడ్చాను. చెప్పడానికి సిగ్గేం లేదు.

ఆ తర్వాత రోజుల్లో చెత్తగది ఖాళీగా ఉంది. ఓనరు టూరు కొనసాగించాడు, నేను కౌంటరుకు పోలేదు. ఆ తర్వాత కొన్నేళ్లు అదే ఊరు, అవే ట్రాములు. కాని పోయే ముందు ప్రతి గుంపునూ కూర్చోబెట్టి, మీ ఇళ్లలో ఏ నీళ్లు తాగుతారు, దేనికి భయపడతారు అని అడగడం అప్పట్నుంచే మొదలుపెట్టాను. అంతకుముందు వాళ్ల పాస్‌పోర్టులే చూసేదాన్ని. మీరు కూడా అడగండి. పర్యావరణం గురించి తర్వాత చెప్పొచ్చు.

ఆ మొదటి టూరు నుంచి తిరిగొచ్చిన కొన్నాళ్లకు టీచరమ్మ ఫోన్ చేసింది. "మా ఊరికి రా, జర పనున్నది" అని. పోయాను. అప్పటికే వాళ్ల ఊళ్లో ఇంటింటికీ కృష్ణా నది నీళ్ల నల్లాలు వచ్చి ఉన్నాయి. కాని ఆ నీళ్లతో గిన్నెలు కడిగి, బర్రెలను కడిగి, తాగడానికి మాత్రం, డబ్బుల్లేని కొన్ని ఇళ్లవాళ్లు తప్ప, అందరూ క్యాన్లు కొంటున్నారు. టీచరమ్మ నల్లా నీళ్లనూ, క్యాన్ నీళ్లనూ పట్టుకొని నల్లగొండకు మోసుకుపోయి పరీక్ష చేయించింది. ఒక్కసారితో నమ్మక మళ్లీ మళ్లీ చేయించింది. నల్లా నీళ్లు మంచివని తేలింది. క్యాన్ నీళ్లలో ఉండాల్సిన దానికంటే ఎక్కువే ఫ్లోరైడ్ తేలింది. అవి ఏ బోరువో అమ్మేవాడే చెప్పలేకపోయాడు.

బడి ఆవరణలో తల్లుల్ని పోగుచేసింది. నల్లాలు వచ్చాక పుట్టి, క్యాన్లు కొనలేక ఆ నల్లా నీళ్లే తాగి పెరిగిన పిల్లల్ని వరసగా నిలబెట్టి, ఆ మూడు పనులూ చేయించింది. ఎవరి మెడా బిగుసుకోలేదు, ఎవరి చేతులూ ఆగలేదు. అప్పుడు అందరి ముందూ నల్లా తిప్పి, గ్లాసు నింపి తాగింది. ఇంట్లో తాగాల్సిన నీళ్లు ఇవే అన్నది.

తల్లుల్లో ఒకామె లేచింది. చంకలో ఆడపిల్ల. టీచరమ్మ దగ్గర చదువుకున్నదే. గొంతులో కోపం దాచుకోలేదు.

"తాగొద్దని మా వీపులు పలగ్గొట్టింది నువ్వే గద టీచరమ్మా. నీ మాట పట్టుకునే కదా గిన్నేండ్లు క్యాన్లు మోస్తున్నం. ఇయ్యాల నువ్వే తాగుమంటివి. మేం ఏ మాట నమ్మాలె?"

టీచరమ్మ మనిషంతా ఆమె వైపు తిరిగింది.

"కొట్టిన. అప్పుడు తాగొద్దన్నది నీ కాళ్ల కోసం. ఇప్పుడు తాగుమనేది నీ బిడ్డ కాళ్ల కోసం. నా మాట మారలే పోరీ, నీళ్లు మారినయి."

ఆ తల్లి పిల్లను కిందికి దించింది. టీచరమ్మ చేతిలోని గ్లాసు తీసుకొని కడిగి, నల్లా కింద పట్టి, ముందు తను తాగింది, తర్వాత పిల్లకు తాగించింది.